కొండెక్కిన దీపాల అర్జీ

మొన్న మా వీధిలో స్తంభాలకున్న పాత దీపాలు తీసేసి కొత్త తెల్లదీపాలు బిగించారు. పని అయ్యాక ప్రతి స్తంభానికీ ఒక కాగితం అంటించి వెళ్లారు. దీపం వెలగకపోతే ఫలానా నంబరుకు ఫోను చేసి స్తంభం నంబరు చెబితే చాలునని దాని మీద ఉంది. కూరల సంచి చేత్తో పట్టుకుని ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయాను. "ఏం చదువుతున్నారండీ అంతసేపు?" అంది పక్కింటావిడ. స్తంభాలకు నంబర్లు లేని రోజుల్లో వాటికి పేర్లు పెట్టి పిలిచిన మనిషి ఒకాయన నాకు తెలుసని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. ఆయన సంగతి చెప్పాలంటే నా సంగతీ చెప్పాలి.

ఎనభైల మొదట్లో మాట. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో పత్తి, మిరప పండే నేల మధ్య ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీలో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. ఉద్యోగం కొత్త, ఇంకా పర్మనెంటు కాలేదు. మా పిన్ని వాళ్లింట్లో ఉండి ఆఫీసుకు వెళ్లొచ్చేదాన్ని. వచ్చిన ప్రతి అర్జీనీ తీసుకోవడం, రిజిస్టర్లో ఎక్కించడం, నకలు మీద ఆఫీసు సీలు వేసి ఇవ్వడం, అర్జీని ఆయా సెక్షన్లకు పంపడం. ఇదీ నా పని.

ప్రతి సోమవారం పదిన్నరకు ఆయన వచ్చేవారు. పొట్టి మనిషి. అరవై దాటాయి. ఉతికి ఉతికి తెల్లబడిన ఖాకీ చొక్కా, భుజం మీద తుండుగుడ్డ. దగ్గరకొస్తే సన్నగా కిరసనాయిలు వాసన. రిటైరై మూడేళ్లయినా ఆ వాసన ఆయన్ని వదలలేదు. అర్జీ కింద పూర్తి పేరు రాసేవారు కాదు. 'రిటైర్డు లాంపుమాన్, రైల్వే' అని రాసి పక్కన సంతకం గీసేవారు. ఊళ్లో అందరూ లాంపు బాబాయి అనేవాళ్లు. నేనూ బాబాయిగారూ అనే పిలిచాను.

లాంపుమాన్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ఆయనే చెప్పారు. మా వైపు చిన్న రైలుమార్గంలో సిగ్నళ్లకు అప్పట్లో కిరసనాయిలు దీపాలే. రోజూ పొద్దువాలే వేళకు ఆ దీపాలన్నీ కర్రకు తగిలించుకుని, పట్టాల వెంట మైళ్లకొద్దీ నడిచి, ఒక్కో సిగ్నలు నిచ్చెనా ఎక్కి, అద్దం తుడిచి, దీపం పెట్టి దిగాలి. తెల్లారాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. ముప్ఫై ఏళ్లు ఆ పని చేశారాయన.

అందుకేనేమో, ఎక్కడ గాజు కనిపించినా ఊరుకునేవారు కాదు. సీలు కోసం నిలబడ్డ రెండు నిమిషాల్లో నా బల్ల మీది గాజుపలకను తుండుగుడ్డ కొసతో ఒక మూల నుంచి ఇంకో మూలకు తుడిచేసేవారు. ఒకరోజు బల్ల ఎక్కి గోడ గడియారం అద్దం తుడుస్తుంటే మా మేనేజరు చూసి, "ఏందయ్యా, మా అటెండరు ఉద్యోగానికి ఎసరు పెట్టావా?" అన్నారు. "టైము మసగ్గా కనపడతంటే ఎట్టాగండీ, ఆఫీసన్నాక" అన్నారాయన, దిగకుండానే.

ఆయన అర్జీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది. కాగితానికి నడిమధ్య నిలువుగా ఒక గీత. ఎడమవైపు 'కొండెక్కిన దీపములు', కుడివైపు 'పగలు వెలుగుచున్న దీపములు'. ఆరిపోయినవి అని ఆయన నోటివెంట గానీ కలం వెంట గానీ వచ్చేది కాదు. దీపాన్ని ఆ మాట అనకూడదు, అది ఇంట్లో పద్ధతి. పట్టాల మీదా అదే పాటించారు, మునిసిపాలిటీకి రాసే కాగితంలోనూ అదే పాటించారు. ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు ఆ కాగితం చూసినప్పుడల్లా నవ్వేవాడు. "కొండెక్కితే మనమేం చేస్తామమ్మా? దిగొచ్చాక చూద్దాంలే."

ఆ జాబితాలో స్తంభాలకు అడ్రసులు ఉండవు, పేర్లు ఉంటాయి. పాలకేంద్రం దగ్గరి కుంటాయన. పొగాకు గోదాం వెనక ఒంటరాయన. రెండు స్తంభాలు దగ్గర దగ్గరగా ఉన్నచోట తోడికోడళ్లు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. తర్వాత్తర్వాత నాకు ఆ ఊరు ఆయన పెట్టిన పేర్లతోనే గుర్తుండిపోయింది. మా పిన్ని, "ఏ సందులో ఉంటుందే మీ ఆఫీసావిడ?" అనడిగితే "తోడికోడళ్ల పక్క సందు" అని నోరు జారిన రోజు కూడా ఉంది.

ఎడమవైపు జాబితా కంటే కుడివైపు జాబితాకే ఆయనకు ఎక్కువ కోపం. మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ మండుతుంటే స్తంభం మీద దీపం వెలుగుతూ ఉండటం చూస్తే ఆయన ఓర్చుకోలేకపోయేవారు.

"పెళ్లి అయిపోయి జనం భోజనాలు చేసి వెళ్లిపోయాక మేళం వాయిస్తన్నట్టు లేదూ? ఆ కరెంటు ఇటు తిప్పితే గోదాం ఎనకాల ఒంటరాయన ఎలగడా?"

గుండు బల్బులు తీసి ట్యూబులైట్లు వేయమని కూడా ఎన్నోసార్లు రాశారు. "గుండు బల్బు తన మొహం తనే చూసుకుంటదమ్మా. ట్యూబులైటు నేలను చూస్తది. కరెంటు అంతే, ఎలుతురు రెండింతలు." నేను ఆ మాటల్ని ఆఫీసు భాషలోకి మార్చి నోటు రాసి పైకి పంపాను. స్టాకు లేదని రాసి కిందికి పంపారు. అలాంటివి ఎన్ని తిరిగొచ్చినా ఆయన నీరసపడగా నేను చూడలేదు. సోమవారం పదిన్నరయ్యేసరికి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. ఆఫీసు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్లలో ఆయనొక్కరే తలవంచుకుని వచ్చేవారు కాదు.

ఒకసారి అడిగాను. "ఎందుకు బాబాయిగారూ ఇంత పట్టుదల? ఈ ఊరు ఎప్పటినుంచో ఇట్లాగే ఉందిగా?"

ఆయన నా బల్ల గాజు తుడవడం ఆపారు.

"రైల్వేలో ఒక రూలుందమ్మా. సిగ్నలు మీద దీపం లేకపోతే దాన్ని ఎర్రదీపం కిందే లెక్కెయ్యాలి. డ్రైవరు బండి ఆపాల్సిందే. ఎందుకు లేదో తెలిసినదాకా కదలకూడదు. ఈ ఊళ్లో దీపం లేకపోయినా జనం ఆగరు. నడిచిపోతానే ఉంటారు. అది చూస్తే నాకు భయం."

ఎరుపంటే గుర్తొచ్చింది, ఆయన దగ్గర ఎర్ర సిరా కలం కూడా ఒకటి ఉండేది. దాన్ని ఊరికే బయటికి తీసేవారు కాదు. నేను చేరిన మొదటి ఏడాదిలో ఒకే ఒక్కసారి ఎర్ర సిరాతో అర్జీ ఇచ్చారు. బడి గోడ పక్క స్తంభానికి తీగ తెగి, చేతికందేంత కిందికి వేలాడుతోందని. అంత నవ్వే సూపర్‌వైజరు కూడా ఆ కాగితం చూడగానే ఏమీ అనకుండా నిచ్చెన తీసుకుని మనిషితో సహా బయలుదేరాడు. ఆ ముసలాయన ఎర్ర సిరా వాడాడంటే ఊరికే వాడడని అతనికీ తెలుసు.

రెండో ఏడాది, పత్తి తీతలు మొదలైన రోజులు. జిన్నింగు మిల్లులు పగలూ రాత్రీ ఆడుతున్నాయి. ఆ సోమవారం మా ఆఫీసు జాతరలా ఉంది. ఇంటిపన్నులు పెంచారని నాలుగు వార్డుల జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఒకళ్ల మీద ఒకళ్లు పడి కాగితాలు నా మొహం మీదికి చాస్తున్నారు. పొద్దున్నెప్పుడో మేనేజరుగారు సీలు తన గదిలోకి తెప్పించుకున్నారు. ఆ తోపులాటలో లాంపు బాబాయి ఎప్పటిలాగే వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కాగితం, నకలు నా ముందు పెట్టారు.

కాగితం నిండా ఎర్ర సిరా. నేను చూశాను. చూడలేదని చెప్పడానికి లేదు.

"సీలు లోపలుంది బాబాయిగారూ. రేపు వేసి ఉంచుతాను, మీ నకలు రేపు తీసుకుందురుగాని."

సీలు పడకుండా ఆయన ఏనాడూ వెళ్లలేదు. "అది ఈరోజే పైకి పోవాలమ్మా" అన్నారు.

"పంపిస్తానండీ."

ఆయన నా మాట నమ్మి వెళ్లారు. ఆ కాగితాన్ని విడిగా ఉంచాలని, పోకుండా ఉండాలని, సొరుగులో పెట్టాను. తర్వాత ఇంకో ముప్ఫై చేతులు నా ముందుకొచ్చాయి. సాయంత్రం సొరుగుకు తాళం వేసి ఇంటికెళ్లాను. మంగళవారం జ్వరం తగిలి సెలవు పెట్టాను. బుధవారం వచ్చి పన్నుల అర్జీలు ఎక్కించడంలో పడ్డాను. ఆయన నకలు కోసం మంగళవారం వచ్చారట, నేను లేనని తెలిసి వెళ్లిపోయారట. నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గుర్తొచ్చేదని ఇప్పుడు అనుకోవడం సులువు.

గురువారం సాయంత్రం పెద్దవాన. జిన్ను రోడ్డు మలుపులో మురుగుకాలువ మీద ఒక కల్వర్టు ఉంది. దానికి పక్కన పిట్టగోడ లేదు. మిల్లులో పని దిగి ఇళ్లకొచ్చే ఆడవాళ్లందరికీ అదే దారి. రోడ్డూ కాలువా ఒకటైపోయి పారుతుంటే, చీకట్లో ఎక్కడ కల్వర్టు అయిపోయి కాలువ మొదలైందో తెలియక, రమణమ్మ అనే ఆమె పడిపోయింది. వెనకాల వస్తున్నవాళ్లు ఆమె ముందు వెళ్లిపోయిందనుకున్నారు. తెల్లారాక నీళ్లు తీశాక కాలువ దిగువన, పొగాకు ఆరబెట్టే బారను దగ్గర దొరికింది. ఇరవై ఏడేళ్లు. ఇంట్లో తల్లి, ఇద్దరు పిల్లలు.

శుక్రవారం పొద్దున మిల్లు ఆడవాళ్లంతా శవాన్ని తెచ్చి మా ఆఫీసు ముందు దించారు. కిటికీలోంచి చూస్తున్నాను. ఎవరో అన్నారు, మలుపులో దీపం ఆదివారం నుంచీ వెలగడం లేదని. ఆ మాట చెవిన పడగానే నా బల్ల దగ్గరికి వచ్చాను. సొరుగు తాళం తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. తీసి చదివాను. అదే స్తంభం.

జిల్లా నుంచి విచారణకు ఒక అధికారి వస్తున్నారని తెలిసింది. ముందురోజు మేనేజరుగారు నన్ను పిలిచారు. మంచి మనిషే, చెడ్డవాడని నేను అనను. మొహం చూసే పట్టేసినట్టున్నారు.

"అమ్మాయ్, రిజిస్టర్లో ఎక్కనిది రానట్టే లెక్క. ఆ స్తంభం మీద ఇంతకుముందు ఏ అర్జీ లేదు. నువ్వింకా పర్మనెంటు కాలేదు. ఇంటికి పెద్దదానివి. అర్థమైందా?"

అర్థమైందని తల ఊపాను.

విచారణ కమిషనరు గదిలో జరిగింది. ఫైళ్లు అందించడానికి నేను బీరువా పక్కన నిలబడ్డాను. లాంపు బాబాయి అధికారికి ఎదురుగా నిలబడి ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ దీపం గురించి ముందే అర్జీ ఇచ్చానంటున్నారు. రసీదుందా?" అధికారి అడిగారు.

"లేదండీ. ఆరోజు సీలు పడలేదు."

"ఎవరికిచ్చారు?"

ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేనేం చేసేదాన్నో. ఆయన చెయ్యి మాత్రం తుండుగుడ్డ కొసతో ఆ పెద్ద బల్ల మీది గాజును నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టింది.

"ఈ ఆఫీసుకిచ్చానండీ."

"ఆఫీసంటే ఎవరు? మనిషి పేరు చెప్పండి."

"ఆఫీసుకేనండీ ఇచ్చింది."

మేనేజరుగారు మెల్లగా అందుకున్నారు. "పెద్దాయన సార్. వారానికో అర్జీ పెడుతుంటారు. ఇచ్చానో లేదో ఆయనకే గుర్తుండదు, వయసు."

అధికారి ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు ఒక్క దీపం లెక్క తప్పని మనిషిని, అందరి ముందూ, మతిమరుపువాడని కాగితం మీద పెట్టారు. ఆయన చెయ్యి గాజు మీద ఆగింది. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. నేను బీరువాను ఆనుకుని అలాగే ఉన్నాను. నోరు తెరవలేదు. తెరవాలనుకున్నాను అని కూడా రాయను.

తర్వాతి సోమవారం ఆయన రారనుకున్నాను. రాకూడదని కోరుకున్నాను. పదిన్నరకు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినిపించింది.

కాగితం, నకలు నా ముందు పెట్టి, ఎప్పటిలాగే, "సీలు వెయ్యమ్మా" అన్నారు. అర్జీ నీలం సిరాతో ఉంది. మధ్య గీత లేదు. కుడివైపు జాబితా లేదు. ఒక్కటే వాక్యం. జిన్ను రోడ్డు కల్వర్టు దగ్గర దీపం ఆరిపోయింది అని.

కొండెక్కింది అని రాయలేదు. ఆ మాట మీదే నా కళ్లు నిలిచిపోయాయి. సీలు వేశాను. అచ్చు రెండుగా పడింది.

"బాబాయిగారూ, ఆరోజు నా పేరెందుకు చెప్పలేదు?"

ఆయన సీలు ఆరేదాకా నకలు మీద ఊదుకుంటూ ఉన్నారు. తర్వాత అటెండరు వినకుండా కాస్త ముందుకు వంగారు.

"ఒకసారి నేనూ ఎక్కలేదమ్మా. మా చివరి సిగ్నలు. మంచి వాన. ఎక్కాననీ, దీపం పెట్టాననీ పుస్తకంలో రాసేశాను. డ్రైవరు రూలు తెలిసినోడు కాబట్టి బండి ఆపాడు, ఎవరికీ ఏం కాలేదు. స్టేషన్ మాస్టారికి సంగతంతా తెలుసు. ఒక్కమాట అనలా. మూడు రోజులు ఊరికే చూశాడు నా వంక. మూడో రోజు నేనే పోయి చెప్పుకున్నా."

"ఆయన మీ మీద రాశారా?"

"రాయకుండా ఎట్టా ఉంటాడు? రాశాడు. శిక్ష పడింది." నకలు మడుచుకుంటూ అన్నారు, "నీ పేరు నేను చెబితే అది నా మాట అయిద్ది. నువ్వు చెప్పాల్సిన మాట నా నోట్లోంచి రాకూడదు."

"ఎక్కించినా వాళ్లు పట్టించుకునేవాళ్లు కాదేమోనండీ..." అన్నాను. ఎన్ని రాత్రులుగానో నన్ను నేను ఓదార్చుకుంటున్న మాట అది.

"ఎర్ర సిరా అమ్మా అది" అన్నారాయన. కోపంగా కాదు. అంత మెత్తగా చెప్పిన మాట అంత గట్టిగా తగలడం అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాడు సెలవు పెట్టి, ఆ ఎర్ర సిరా కాగితం తీసుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కాను. ఆ అధికారి గది ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. కాగితం ఆయన బల్ల మీద పెట్టి, ఎప్పుడొచ్చింది, ఎక్కడ పెట్టాను, ఎందుకు దాచాను అన్నీ నా చేత్తో రాసిచ్చాను. "ఎవరన్నా రాయమన్నారా?" అనడిగారు. లేదన్నాను.

ఆ తర్వాతివి వరసగా జరిగాయి. కల్వర్టుకు రెండువైపులా పిట్టగోడ కట్టారు. మలుపులో ట్యూబులైటు పెట్టారు. మేనేజరుగారికీ, సూపర్‌వైజరుకూ సంజాయిషీ నోటీసులు వచ్చాయి. నాకు మెమో వచ్చింది, ఉద్యోగం పర్మనెంటు కావడం మరో రెండేళ్లు వాయిదా పడింది, బదిలీ అయింది. ఆఫీసులో నాతో మాట్లాడటం మానేశారు అందరూ. మా పిన్ని మాత్రం, "పోనీలే, రాత్రి అన్నం తింటున్నావు మళ్లీ" అంది.

కొత్త ట్యూబులైటు మొదటిసారి వెలిగిన సాయంత్రం ఆయన నన్ను రమ్మన్నారు, వెళ్లాను. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. మిల్లు ఆడవాళ్లు జుట్టులో దూదిపింజలతో, సత్తు టిఫిన్ డబ్బాలతో మా పక్కనుంచే పోతున్నారు. దీపం రెండుమూడుసార్లు కొట్టుకుని వెలిగింది. అందరూ తలెత్తి చూశారు. ఆయన కల్వర్టు మీద నడుస్తూ కాలువ అంచు ఎక్కడిదాకా కనిపిస్తోందో చూసుకున్నారు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. "చాలు" అన్నారు. ఆయన మొహంలో సంతోషం వెతికాను. లేదు. పని ఆలస్యంగా పూర్తిచేసిన మనిషి మొహం అది.

నేను ఊరు వదిలిన రోజు బస్టాండుకు వచ్చారు. కిటికీ అద్దం దుమ్ముపట్టి ఉంటే బయటినుంచే తుండుగుడ్డతో తుడుస్తూ అడిగారు.

"ఆఫీసులో చెప్పావు. మంచిపని చేశావు. ఆళ్లింటో చెప్పావా?"

రమణమ్మ ఇంటికి. నేను వెళ్లలేదు. వెళ్లాలని కనీసం అనుకోనూ లేదు. కాగితం మీద తప్పు ఒప్పుకోవడం ఒకటి, ఆ తల్లి మొహం చూడటం ఇంకొకటి.

"లేదండీ."

"ఒకసారి ఎల్లమ్మా ఆళ్లింటికి" అన్నారు. బస్సు కదిలింది.

ఆ తర్వాత నాలుగేళ్లలో ఆయన నుంచి కార్డులు వచ్చేవి. కుశలం ఒక్క వాక్యం, మిగతాదంతా దీపాలు. మీ కొత్త ఊళ్లో ట్యూబులైట్లా, గుండు బల్బులా? పగలు వెలుగుతున్నాయా? ఒంటరాయన గోదాం వెనక ఇప్పుడు బాగున్నాడు. కుంటాయన్ని తీసేసి సిమెంటు స్తంభం వేశారు, పాపం. రమణమ్మ ఇంటికి వెళ్లావా అని మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం వల్ల నేను వెళ్లకుండా ఉండగలిగాను. అడగకపోవడం వల్లే ఆ మాట నన్ను వదల్లేదు కూడా.

ఆఖరి కార్డు ఆయన చేతిరాత కాదు. మూడు రోజుల జ్వరంతో పోయారని, పెద్దకర్మ ఫలానా రోజునని ఆయన భార్య ఎవరిచేతనో రాయించింది.

వెళ్లాను. చిన్న పెంకుటిల్లు. ఆవిడ నన్ను ఎప్పుడూ చూడకపోయినా గుమ్మంలోనే గుర్తుపట్టింది. "సీలు అమ్మాయివి గదూ" అంది. ఆ ఇంట్లో నాకు ఆ పేరు ఉందన్నమాట. ఆవిడ ఏడవలేదు. విస్తరి వేసి, పక్కన కూర్చుని విసురుతూ చెప్పుకుంటూ పోయింది.

"రోజూ సాయంత్రం కాంగానే చొక్కా తొడుక్కునేవాడు. ఎక్కడికయ్యా అంటే డ్యూటీకి అనేవాడు. రిటైరైపోయావుగా అంటే, రిటైరు అయింది రైల్వేలో అనేవాడు. జ్వరంలో కూడా లేచి కూసున్నాడు చొక్కా ఇమ్మని. నేనియ్యలా. ఇచ్చుంటే బాగుండేదేమో."

భోజనాలయ్యాక మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చాను. బస్టాండుకు వెళ్లాల్సిన కాళ్లు జిన్ను రోడ్డు వైపు తిరిగాయి.

రమణమ్మ ఇల్లు ఎవర్నడిగినా చెప్పారు. వాకిట్లో గోనెపట్టా మీద ఎర్రగా మిరపకాయల కుప్ప. ముందు కూర్చుని ఒక ముసలామె తొడిమలు తీస్తోంది. పిల్లలిద్దరూ బడికి పోయారట. నేను మునిసిపాలిటీలో పనిచేసినదాన్నని చెప్పాను. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది.

"ఏం కావాల?"

నిలబడే చెప్పాను. నాలుగేళ్లు కూడబెట్టుకున్న మాటలు ఏవీ రాలేదు. మీ అమ్మాయి పడిపోకముందు సోమవారం ఆ దీపం వెలగడం లేదని ఒకాయన అర్జీ ఇచ్చారు, అది నా చేతికే ఇచ్చారు, నేను సొరుగులో పెట్టి మర్చిపోయాను, తర్వాత భయపడి దాచాను. అంతే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆమె చేతులు ఆగాయి. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"లాంపాయనేనా, ఇచ్చింది?"

"అవునమ్మా."

"ఇటేపు వచ్చినప్పుడల్లా పిల్లల్ని పలకరించిపొయ్యేవాడు. ఈ మాట ఎప్పుడూ చెప్పలా." మిరపకాయ ఒకటి చేతిలో తిప్పుతూ అడిగింది, "ఆ కాయితంలో ఏం రాశాడు?"

కాగితం నా దగ్గర లేదు. అవసరం లేదు. ఆ నాలుగేళ్లలో అది నాకు నోటికి వచ్చింది. చెప్పాను.

"అయ్యా, జిన్ను రోడ్డు మలుపున కల్వర్టు పక్క దీపం నిన్నటినుండి లేదు. కల్వర్టుకు గోడ లేదు. అది ఆడవాళ్లు పని నుండి వచ్చు దారి. వాన పడిన యెడల ఎవరో ఒకరు పడిపోవుదురు. ఈ దినమే వేయించవలెను."

"ఇంకోసారి చెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఎవరో ఒకరు అని రాశాడా?"

"అవునమ్మా."

"అప్పటికి మా పిల్లెవరో ఆయనకి తెలవదు."

"తెలియదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను పొమ్మనలేదు. ఫర్వాలేదనీ అనలేదు. గోనెపట్టా కొస సర్ది, కుప్పలోంచి రెండు దోసిళ్ల కాయలు నా వైపు నెట్టింది.

"కూసో" అంది. "దీపాలేళకి కాయల కోసం సేటు మనిషొస్తాడు. ఈలోపు ఇయ్యన్నీ అవ్వాల."

కూర్చున్నాను. నాకు ఆ పని చేతకాదు. గోళ్ల సందుల్లోకి ఘాటు ఎక్కి వేళ్లు మండటం మొదలుపెట్టాయి. ఆమె ఒకసారి నా చెయ్యి లాక్కుని, తొడిమ ఎక్కడ పట్టుకుని విరవాలో చూపించి వదిలేసింది. ఇద్దరం కుప్ప అయిపోయేదాకా తీశాం.